ఎండతో నడిచే ఆటోకి డీజిల్ ఛార్జీ

ముందే చెప్పేస్తున్నాను, నేను గోరంతని కొండంత చేసే మనిషిని. మా ఇంట్లో ఎవరినైనా చీమ కుడితే, నేను వీధి చివరికి వెళ్లి చెప్పేసరికి అది తేలు, టీ కొట్టు దగ్గరికి చేరేసరికి కట్లపాము. కాబట్టి కింద రాసినదాన్ని సగానికి తగ్గించుకుని చదవండి. కోపాన్ని మాత్రం తగ్గించకండి, అందులో కల్తీ లేదు.

ఆ వేసవిలో మా ఇంటికి వచ్చిన కరెంటు బిల్లు ఆమదాలవలస స్టేషన్లో ఆగే గూడ్సు బండంత పొడుగుంది. మేము వాడుకున్న కరెంటు, అందులో ఇంజను పక్కనున్న మొదటి పెట్టె మాత్రమే. దాని వెనకాల స్థిర ఛార్జీ, సర్దుబాటు ఛార్జీ, సుంకం, ఇంకా పేరు పెట్టడం మరిచిపోయిన పెట్టెలు. పేపరు తీస్తే మాత్రం ఎండ కరెంటు చవక, గాలి కరెంటు చవక అని రంగుల ఫొటోలు. మాకు ఎండకి కరువా? రోహిణి కార్తెలో మా డాబా మీద వడియాలు ఎండవు, వేగుతాయి. మరి ఆ చవక నా గుమ్మం దాకా ఎందుకు రాదు?

మా వీధి స్తంభం ఎక్కి పని చేసుకుంటున్న లైన్‌మన్‌ని కిందనుంచే నిలదీశాను. ఆయన దిగేలోగా నేను మూడు ప్రభుత్వాలని దించేశాను. దిగాక చెమట తుడుచుకుని, నా మొహం చూడకుండానే చెప్పాడు. మధ్యాహ్నం ఎండ కరెంటు చవకేనట. కానీ ఊరంతా ఒక్కసారి ఫ్యాన్లూ టీవీలూ మిక్సీలూ వేసేది పొద్దు గూకాక. అప్పుడు బొగ్గే దిక్కు. ఆ నాలుగు గంటల కోసం బొగ్గు ప్లాంటుని రోజంతా మేపాలి. సోలార్ పలకలు ప్రియంగా ఉన్న రోజుల్లో కంపెనీలకి ఏళ్లకేళ్లు ఇస్తామని రాసిచ్చిన ధరలు ఇంకా ఇస్తూనే ఉండాలి. చవకదీ ప్రియమైనదీ ఒకే రాశి పోసి, అందరికీ ఒకే ధర కడతారట.

"గాలి ఉత్తినే వస్తాది బాబూ. తుపానుకి పడిపోయిన స్తంబం ఉత్తినే లెగదు," అని సైకిలెక్కాడు.

నాకు అర్థమైంది. అర్థమైనంత మాత్రాన ఒప్పుకోవాలని ఎక్కడుంది? ఆయన జవాబు కంటే నా కోపమే బాగుందనిపించి, దాన్నే ఉంచుకున్నాను.

మా బావ, అంటే మా చెల్లెలి మొగుడు, స్టేషన్ దగ్గర ఆటో తోలతాడు. ఆ ఏడే డీజిల్ బండి అమ్మేసి బ్యాటరీ ఆటో కొన్నాడు. ఆ స్టాండుకో కట్టుబాటు ఉంది. రైలు వచ్చినప్పుడు ఆటోలు వరసలో కదలాలి, ముందుది నిండాకే వెనకదానికి జనం. శ్రీకాకుళానికి ఛార్జీ అన్ని బండ్లకీ ఒకటే, అది నిన్న కొన్నదైనా తలుపు తాడుతో కట్టినదైనా. ఛార్జీ తగ్గించినవాడికి వరసలో చోటుండదు. ఈ సంగతి ఊళ్లో కుక్కలకి కూడా తెలుసు. నాకూ తెలుసు.

అయినా ఒక ఉదయం, పాసింజరు దిగిన జనం మధ్య నిలబడి కరెంటువాళ్లని దులిపేస్తూ, ఉదాహరణ కోసం వెతుక్కుని, మా బావ ఆటో మీద చెయ్యేశాను.

"సూడండి, ఇది ఎండతో నడుస్తాది. సుక్క డీజిల్ పొయ్యక్కర్లేదు. దీనికీ డీజిల్ బండి ఛార్జీ ఏటి?"

సంచులతో నిలబడ్డ వెయ్యిమంది, సరే, పదిహేనుమంది, నిజమేనన్నారు. నలుగురైతే సగం ఛార్జీ ఇస్తామంటూ వరసలో ఆఖరున ఉన్న బావ ఆటోలో ఎక్కి కూర్చున్నారు. బావ నా చేత కూతలు కూయించి బేరాలు లాగుతున్నాడని స్టాండంతా అతని మీద పడింది. మధ్యాహ్నానికి అతన్ని వరసలోంచి తీసేశారు.

బావ నేరుగా మా ఇంటికొచ్చాడు. కేకలేస్తాడని నేను సిద్ధంగా ఉన్నాను. వెయ్యలేదు.

"నా బండి ఎండతో నడవదు బావా. నీ ఇంటికొచ్చే కరెంటుతోనే నడుస్తాది. రేత్రి బొగ్గు కరెంటు ఎక్కించి పగలు తోల్తన్నాను. బేంకు వాయిదా ఉన్నాది. బేటరీ పోతే మళ్లీ కొనాల. అన్నీ కలిపితే డీజిలంతే. నీకు తెల్దా?"

తెలుసన్నాను.

"తెలిసీ ఎందుకన్నావు?"

మాట బాగుందని అన్నాను.

సాయంత్రం చెల్లెలు ఫోన్ చేసింది. "అన్నియ్యా, నీ మాటకి సప్పట్లు కొట్టినోళ్లని మా ఇంటికి బియ్యం పంపమను," అని పెట్టేసింది.

మర్నాడు అదే రైలు వేళకి స్టాండుకి వెళ్లి, ఆటోవాళ్ల ముందు, దిగిన జనం ముందు తప్పు ఒప్పుకున్నాను. ఎండ చవకే గానీ బండి చవక కాదనీ, దాన్ని నడిపే కరెంటు చవక కాదనీ, ఛార్జీ మిగతావాళ్లతో సమానంగానే ఇవ్వాలనీ విడమర్చి చెప్పాను. నిన్నొక మాట, ఇవాళొక మాట, ఎంత తిన్నావని ఒకడు అడిగాడు. మరొకడు నవ్వాడు. స్టాండు పెద్ద బీడీ ఆర్పి, బావని మళ్లీ వరసలో బండి పెట్టుకోమన్నాడు, నెల్లాళ్లపాటు అందరికంటే ఆఖరున.

ఇక నిజం చెప్పాలి. గూడ్సు బండి, వేగిన వడియాలు, వెయ్యిమంది, ఇవి పెంచినవే గానీ పుట్టించినవి కావు. నేను పుట్టించింది ఒక్కటే. మర్నాడు స్టాండుకి వెళ్లింది నేను కాదు. కరెంటువాళ్లని తిట్టుకుంటూ ఇంట్లోనే కూర్చున్నాను. వెళ్లింది మా చెల్లెలు. నిన్న అన్న ఒక మాట, ఇవాళ చెల్లెలు ఒక మాట, ఎంత తిన్నావని వాళ్లు అడిగింది దాన్నే.