నాయన గొంతుకు కట్టిన తీగలు

ఆసుపత్రిలో డ్యూటీ దిగి, కుడిచేతిలో సంచీ, ఎడమచేత్తో బస్సు కమ్మీ పట్టుకుని కడప టౌనంతా నిలబడి ఇంటికొచ్చిన రోజు, ఎంత సబ్బు పెట్టి కడిగినా ఆ వేళ్ళకు ఇనుము వాసన పోదు. కొంచెం తుప్పు, కొంచెం చెమట, ఎవరెవరో పట్టుకుని వదిలిన జిడ్డు. ఆ వాసన ముక్కుకు తగిలితే చాలు, ఆకలి సగం చచ్చిపోయి, బేతంచర్ల వైపున్న మా ఊరూ, మా రాతి ఇల్లూ, ఒక పాత గిటారు ఇనుప తీగలూ గుర్తుకొస్తాయి. చిన్నప్పుడు పాట నేర్చుకున్నవాళ్ళు ఆ సంగతులు మురిసిపోతూ చెబుతారు. నాకు అంత ఓపిక లేదు, ముందే చెప్పేస్తున్నాను.

మా ఊళ్ళో గోడలూ నాపరాళ్ళే, నేలా నాపరాళ్ళే, దొడ్డి చుట్టూ నిలబెట్టిన కంచె కూడా నాపరాళ్ళే. ఎండాకాలం పొద్దుగూకినా ఆ రాళ్ళు వేడి కక్కుతూనే ఉండేవి, ఆరుబయట నీళ్ళు చల్లి చాప పరిస్తే తడి రాతి వాసనా, పొయ్యి మీద కాలే జొన్నరొట్టె వాసనా కలిసి వచ్చేవి. నాయన ఊరి బయట రాయి కోసే షెడ్డులో పనిచేసేవాడు. సాయంత్రం ఇంటికొచ్చేసరికి తల, మీసాలు, కనురెప్పల వెంట్రుకలు అన్నీ తెల్లగా, పిండిమర నుంచి వచ్చినట్టు ఉండేవాడు. ఆయన భుజం మీది తువ్వాలును అమ్మ గడప బయటే నాలుగుసార్లు దులిపి గాని లోపలికి రానిచ్చేది కాదు.

ఆదివారం మాత్రం నాయన వేరే మనిషి. మా చిన్న చర్చిలో ఆయన పాట ఎత్తేవాడు. పాట ఎత్తడమంటే తెలియనివాళ్ళకు చెప్పాలి: మాకు వాయిద్యాలు లేవు, పాస్టరయ్య పాట పేరు చెప్పగానే ఒక మనిషి లేచి మొదటి చరణం ఒంటరిగా అందుకోవాలి, ఆయన గొంతు ఎక్కడ నిలబడితే ఆడవాళ్ళు, మగవాళ్ళు, పిల్లలు అందరూ అక్కడికి చేరుకోవాలి. వారమంతా మేస్త్రీ చేత మాటలు పడే మనిషి వెనక ఆ ఒక్కపూట ఊరంతా నడిచేది. తెల్లచొక్కా వేసుకుని లేచి నిలబడే నాయనను చూస్తే నాకు ఎంత గర్వమో చెప్పలేను. ఆయన పాటకు నేను వాయించాలి, అదొక్కటే నా కోరిక.

గిటారు ఎలా వచ్చిందంటే, అంతకుముందున్న పాస్టరయ్యకు ఆత్మకూరు బదిలీ అయినప్పుడు ఆయన కొడుకు దాన్ని చర్చి అటక మీద మరిచిపోయాడు. ఏడాదైనా ఎవరూ అడగలేదు. నాయన కొత్త పాస్టరయ్యను బతిమాలి, దుమ్ము తుడిచి, నాకు తెచ్చిచ్చాడు. దాని సంచీలో మడతలు పడిన కాగితం ఒకటి దొరికింది, దాని మీద గళ్ళు, గళ్ళలో చుక్కలు. నేను దాన్ని పక్కింటి అవ్వ వేసే చుక్కల ముగ్గు అనుకున్నాను. చాలా రోజులకు గాని అవి వేళ్ళు పెట్టే చోట్లని వెలగలేదు. వెలిగాక మటుకు ఏం లాభం, తీగలు దేనికవి దిగి ఉన్నాయి, చుక్క చుక్కకూ వేలు పెట్టి మీటితే రేకుల మీద మేకలు పరిగెత్తినట్టు మోగింది. నేర్పేవాళ్ళు మా ఊళ్ళోనే కాదు, చుట్టుపక్కల ఏ ఊళ్ళోనూ లేరు.

తీగలు కోసి నా వేళ్ళ కొసలు బొబ్బలెక్కాయి. అమ్మ ఆముదం రాస్తూ, “రేపు శెనక్కాయలు యాట్ల వలుస్తావే, ఈ ఏళ్ళతో?” అని తిట్టేది. పక్కింటి అవ్వ గోడ మీదుగా చూసి, “తా దూర కంత లేదు మెడకో డోలంట! గింజలొలిచే ఇంట్లో ఇదేం వాయిద్దెమే!” అనేది. నాయన ఒక్కడే తిట్టలేదు. ఒకరోజు పొద్దున పనికి పోతూ ఆగి, నా అవస్థ చూసి, “ఆ కాయితం పక్కన పెట్టు పాపా. భిక్షానికొచ్చే తత్వాలు పాడేటాయన తంబూర ఎట్ల కట్టుకుంటాడు? ఆయప్ప గొంతుకే గదా. నువ్వూ అట్లనే కట్టు” అన్నాడు.

కట్టాను. లావు తీగలు నాయన కింది గొంతుకు, సన్నవి పై గొంతుకు, ఆరింటినీ ఒకే స్వరానికి. ఐదు తీగలు జుమ్మని మోగుతుంటే అన్నిటికన్నా సన్నదాని మీద ఒక్క వేలితో పాట వెతుక్కునేదాన్ని. గిటారును అలా కట్టరని నాకెవరు చెప్పాలి? అప్పటినుంచి అదే అలవాటైపోయింది. పొద్దున నాయన సద్దిగిన్నె తీసుకుని గడప దాటబోతుంటే, “నాయనా, ఒకసారి ఎత్తు” అనేదాన్ని. ఆయన చెప్పులేసుకుంటూనే “ఆ…” అని పట్టేవాడు, నేను మరలు తిప్పి తీగలను ఆయన గొంతుకు చేర్చేదాన్ని. ఆ తరువాతే ఆయన పనికి, నేను బడికి.

శెనక్కాయలు పీకే కాలం వచ్చింది, పోయింది. పచ్చికాయలు ఉడకబెట్టిన వాసన, బొరుగుల ఉగ్గాని మీద పప్పుల పొడి ఘాటు, చలికి చర్చి నేల మీద ముడుచుకుని కూర్చున్న ముసలివాళ్ళు, వాళ్ళ కంబళ్ళ వాసన. నాకు పదమూడేళ్ళు దాటేసరికి నాలుగు పాటలకు నాయన వెనక వాయించగలిగాను. కానీ తీగలు రానురాను వదులవుతున్నాయి, మీటితే బుర్రుమంటున్నాయి. “తీగలు పాడైనాయి నాయనా” అంటే, “పాతవి గదమ్మా. కర్నూల్లో కొత్తవి దొరుకుతాయంట, తెస్తాలే” అని దగ్గాడు. రాయి పనివాళ్ళందరూ దగ్గేవాళ్ళే, ఊళ్ళో దాన్ని ఎవరూ లెక్కపెట్టేవాళ్ళు కాదు.

ఆ ఏడు కోత పండుగకు టౌను నుంచి ప్రసంగానికొక పెద్ద పాస్టరు, ఆయనతో కీబోర్డు వాయించే ఒక అన్న వచ్చారు. కోత పండుగంటే ప్రతి ఇంటివాళ్ళూ తమ తొలి పంట తెచ్చి చర్చిలో పెట్టే రోజు. కొర్రల మూటలు, శెనక్కాయలు, గుమ్మడికాయలు, కాళ్ళు కట్టేసిన కోడిపుంజులు, వాటి అరుపుల మధ్యే ప్రార్థన, ఆ తరువాత తెచ్చినవాటికి వేలం, ఓళిగలతో, అంటే బొబ్బట్లతో, భోజనం. ముందురోజు శనివారం మధ్యాహ్నం ఆ అన్న నా గిటారు మీటి, “ఇది గిటారా, తంబూరానా?” అని పడీపడీ నవ్వాడు. రెండు నిమిషాల్లో మరలు బిగించి తీగలు సరిచేశాడు, నా వేళ్ళు పట్టుకుని ఒకదాని తరువాత ఒకటిగా మూడుచోట్ల పెట్టించాడు. అవే, ఆ కాగితం మీది చుక్కలే. మీటాను. ఈసారి రేకుల మీద మేకలు పరిగెత్తలేదు, నిండుగా మోగింది. పొద్దుగూకేదాకా ఆ మూడే వాయించాను.

ఆదివారం పొద్దున నాయనను ఎత్తమని నేను అడగలేదు. ఆయన గడపలో చెప్పులేసుకుంటూ ఒక క్షణం ఆగి నా వైపు చూసిన సంగతి నాకు తెలుసు. అయినా అడగలేదు.

చర్చిలో నాయన లేచి నిలబడేలోగానే కీబోర్డు మొదలైంది. అది నిలబడిన చోటు ఆయనకు చాలా పైన. నాయన అందుకున్నాడు, మొదటి వరస లాక్కొచ్చాడు, రెండో వరసలో గొంతు చీలి దగ్గు తెర ముంచుకొచ్చింది. తువ్వాలు నోటికి అడ్డం పెట్టుకుని మళ్ళీ ఎత్తబోయాడు. కీబోర్డు ఆగలేదు. ఆగనిది కీబోర్డు ఒక్కటే అయితే ఇదంతా రాసేదాన్ని కాదు. సరిగ్గా అప్పుడే నా వేళ్ళు చూడకుండానే మూడో చోటికి చేరాయి, జీవితంలో మొదటిసారి, ఆ సంతోషంలో నేనూ ఆగలేదు. ఆడవాళ్ళు పాట అందుకున్నారు. నాయన మెల్లగా గోడ పక్కకు జరిగి, కోడిపుంజుల దగ్గర కూర్చున్నాడు.

భోజనాల దగ్గర నా విస్తట్లో తన ఓళిగ వేసి, “శానా బాగా వాయించినావు పాపా” అన్నాడు. నిజంగానే అన్నాడు, అందులో ఎత్తిపొడుపు లేదు. ఆ తరువాత ఆయన ఇంకెప్పుడూ పాట ఎత్తలేదు. ఎవరైనా అడిగితే, “గిటారు ఉండాది గదప్పా, ఇంక నా గొంతుతో ఏం పని” అనేవాడు. నేను రెండు నెలలు వాయించి మానేశాను. నాయన మూడేళ్ళకు పోయాడు. ఆయాసం అన్నారు.

నర్సు చదువు చదివాక, రాయి దుమ్ము ఊపిరితిత్తుల్లో చేరితే ఏమవుతుందో తెలిశాక, మరలు గుర్తొచ్చాయి. తీగలు వాటంతట అవి వదులు కాలేదు. నాయన గొంతు నెలనెలా దిగిపోతోంది, ఊపిరి చాలక, దగ్గి దగ్గి గీసుకుపోయి. దానితోపాటు తీగలను నేనే దించుకుంటూ వచ్చాను. డాక్టరు కన్నా ముందు, అమ్మ కన్నా ముందు ఆయన జబ్బు నా వేళ్ళకు తెలుసు. నేను తీగలు పాడైనాయనుకున్నాను. వార్డులో ఇప్పుడు రాయి పనివాళ్ళకు ఆక్సిజన్ పెట్టేటప్పుడు వాళ్ళ మాట వింటాను, నిన్నటి కన్నా ఎంత దిగిందో చెప్పగలను. ఆ విద్య ఎవరికీ పనికిరాదు, ఆసుపత్రి కాగితాల్లో రాసుకునే గడి కూడా లేదు దానికి.

మా ఊరి షెడ్డు మూతపడింది. కోత పండుగకు ఇప్పుడు పంటకు బదులు డబ్బు కవర్లు ఇస్తున్నారట. పాటల మాటలు ఏ చర్చిలోనైనా తెర మీదే వస్తాయి, ఎత్తేవాళ్ళతో పనిలేదు. పోయిన నెల కడపలో మేం పోయే చర్చిలో పాట మధ్యలో కరెంటు పోయింది. తెర ఆరిపోయింది, కీబోర్డు మూగబోయింది. “ఎవరైనా ఎత్తండి” అన్నాడు పాస్టరయ్య. అంతమందిలో ఒక్కరూ లేవలేదు. చరణాలన్నీ నాకు నోటికి వచ్చు. ప్రతి వారం నా పక్కనే కూర్చునే అవ్వ ఒకామె మోచేత్తో పొడిచింది.

“నీకు వచ్చు గదమ్మా, ఎత్తు.”

“నాకు ఎత్తేది రాదవ్వా” అన్నాను. “మా నాయన ఎత్తుతాండె.”