నీళ్ళ ఎలీ కూతురు

ఫ్లవీ రుమెగూ చాలా మంచిదని మా ఊళ్ళో ఎవరైనా అంటే నాకు నవ్వొస్తుంది. మంచిదే, కాదనను. కానీ ముప్పై ఒక్క ఏళ్ళు ఒక పగను కడుపులో పెట్టుకుని సాకిన మనిషిని ఉత్త మంచిదని ఊరుకుంటే, ఆవిడ పడ్డ కష్టాన్ని తక్కువ చేసినట్టే. నేను ఊరుకోను. మొదట్నుంచీ పక్కనే ఉన్నదాన్ని.

ద్రాక్షతోటల ఆసామి గొంట్రాన్ గారింట్లో నేను వంటమనిషిని. వాళ్ళకు రెండు తోటలు. ఒకటి గుట్ట మీద, ఒకటి ఏటి ఒడ్డున. గుట్ట తోట వైన్ చిక్కగా ఉండి పాతికేళ్ళు నిలుస్తుంది. ఏటి తోటది పై ఏడాదికే తాగెయ్యొచ్చు. ఫిబ్రవరిలో ఏ పీపాను దేనిలో కలపాలో తేల్చడానికి పెద్ద బల్ల చుట్టూ కూర్చుని రుచి చూస్తారు. ప్రతి సీసా మీదా తోట పేరు రాసిన చీటీ అంటించి, అది కనపడకుండా గుడ్డ చుడతారు. రుచి చూసి ఏ తోటదో చెప్పాలి. తప్పు చెప్పినా, చెడిపోయిన వైన్‌ను బాగుందన్నా, తన గ్లాసు తానే బోర్లించి లేచిపోవాలి. బతికున్నంతకాలం మళ్ళీ ఆ బల్ల దగ్గర కూర్చోకూడదు. ఇది గొంట్రాన్ గారి ముత్తాత పెట్టిన నియమం. ఆయనకేం, పెట్టేసి చక్కగా పోయాడు.

ఫ్లవీ తండ్రి ఎలీ అప్పట్లో ఆ ఇంటి నేలమాళిగకు పెద్ద. పీపాల మంచిచెడ్డలన్నీ ఆయనవే. గొంట్రాన్ గారి తండ్రి, మా పెద్దయ్యగారు, కొడుకు మాట పక్కనపెట్టి ఎలీ నాలుకను నమ్మేవాడు. నలభై దగ్గర పడుతున్న కొడుక్కి అది ఎంత మంటో నేను వడ్డించేటప్పుడు చూసేదాన్ని. ఆ ఏడు ఎలీ మూడో సీసా రుచి చూసి, "గుట్టది" అన్నాడు. గొంట్రాన్ గారు గుడ్డ విప్పారు. చీటీ మీద ఏటి తోట అని ఉంది. పెద్దయ్యగారి మొహం పాలిపోయింది. ఎలీ చీటీ చదివాడు. గ్లాసు బోర్లించాడు, దాన్ని కోటు జేబులో వేసుకుని ఇంటికి నడిచాడు.

గ్లాసులు కడగడానికి వచ్చిన ఫ్లవీకి అప్పుడు పందొమ్మిదేళ్ళు. మూడో సీసా అడుగున మిగిలింది నోట్లో పోసుకుని నా దగ్గరకొచ్చింది.

"అక్కా, ఇది గుట్టదే. చీటీ అబద్ధం."

"నోర్ముయ్యవే. మీ నాన్న కూడు ఎలాగూ పోయింది. నీది కూడా పోగొట్టుకుంటావా?"

అలా అన్నది నేనే. ఇప్పటికీ తలుచుకుంటే సిగ్గేస్తుంది.

మా వైపు సూపు అడుగున కాస్త మిగలగానే అందులో ఎర్ర వైన్ పోసుకుని, గిన్నె ఎత్తి తాగేస్తారు. కూలివాడైనా అంతే, చర్చి ఫాదరైనా అంతే. ఎలీ ఆ రోజు నుంచి సూపులో నీళ్ళు పోసుకున్నాడు. బోర్లించిన గ్లాసును అలమరలో అలాగే బోర్లించి పెట్టుకుని, వైన్ ముట్టడం మానేశాడు. ఊరు ఊరుకుంటుందా? నీళ్ళ ఎలీ అని పేరు పెట్టింది. రొట్టెల కొట్టువాడు కూడా, "నీళ్ళ ఎలీకి రెండు రొట్టెలివ్వమ్మాయ్" అని కేకేసేవాడు. వాడి నోట్లో పుండు పుట్ట.

పెద్దయ్యగారు జాలిపడి ఫ్లవీని పీపాలు కడిగే పనిలో పెట్టుకున్నారు. ఆయన పోయాక కూడా గొంట్రాన్ గారు ఆమెను తీసెయ్యలేదు. నీళ్ళ ఎలీ కూతురు నా పీపాలు కడుగుతోందని వచ్చినవాళ్ళకు చెప్పుకోవడం ఆయనకు సరదా. ఆమె తలొంచుకుని కడిగింది. పీపాలు చేసే లియోనార్‌తో పెళ్ళి కుదిరితే, వాడు ఒకసారి, "మన పెళ్ళి విందులో మీ నాన్న నీళ్ళే పోయిస్తాడా?" అని ఎగతాళి చేశాడు. మర్నాడే ఉంగరం తిప్పి పంపేసింది. మళ్ళీ పెళ్ళి ఊసెత్తలేదు.

పదేళ్ళు కడిగింది. పదేళ్ళు పీపాల్లో ఇంకిపోయిన వైన్‌ను వారం వారం నింపింది. చివరికి తండ్రి కూర్చున్న చోటే నేలమాళిగకు పెద్దయింది. ఆమె కంటే బాగా తెలిసినవాళ్ళు చుట్టుపక్కల లేరు మరి. వైన్‌కు బహుమతులొస్తే మాత్రం గొంట్రాన్ గారు తన ముక్కును వేలితో తట్టి చూపించేవారు. అయ్యగారి కూతురు అగాత్‌కు వాసన చూడటం, రుచి చెప్పడం నేర్పింది కూడా ఫ్లవీయే. ఆ పిల్లంటే ఆమెకు ప్రాణం. అందరూ ఫ్లవీ ఎప్పుడో క్షమించేసిందనుకున్నారు. నేను అనుకోలేదు. ప్రతి ఫిబ్రవరి ఆ బల్ల తుడిచేటప్పుడు తండ్రి కూర్చున్న చోట ఆమె చెయ్యి ఆగేది.

మొన్న డిసెంబరులో గొంట్రాన్ గారికి పది రోజులు జ్వరమొచ్చింది. తగ్గాక ఒకరోజు నేను ఉల్లిపాయలు మాడ్చేశాను. ఇల్లంతా కంపు. ఆయన శుభ్రంగా తిని, "ఇవాళ సూపు బాగుంది" అన్నారు. నాకు అనుమానమొచ్చింది. మర్నాడు పందులు కూడా ముట్టని జున్ను ఆయన ముక్కు కింద పెట్టాను. ఆయన పేపరు చదువుకుంటూ తినేశారు. తిన్నింటి వాసాలు లెక్కపెట్టానని అంటారా, అనండి. లెక్కపెట్టాను. తిన్నగా నేలమాళిగలోకి దిగి ఫ్లవీకి చెప్పాను.

ఆమె చేతిలోని కూజా కింద పెట్టింది. "ఎవరికైనా చెప్పావా అక్కా?"

"నీకే."

"అయితే నాతోనే ఉండనీ."

గుట్ట తోట వైన్ సీసా ఒకటి తీసి, బూజు పట్టిన బిరడా బిగించి, ఐదు వారాలు పడుకోబెట్టింది. బూజు బిరడా వైన్‌కు తడి గోనెసంచి కంపు పట్టిస్తుంది. నాలుకకు పెద్దగా తెలియదు. ముక్కుంటే చాలు, గది అవతలి నుంచే పట్టెయ్యొచ్చు.

ఫిబ్రవరిలో బల్ల దగ్గర నలుగురు కూర్చున్నారు. అయ్యగారు, అగాత్, పట్నం నుంచి వైన్ కొనడానికొచ్చిన లెస్కూర్, ఫ్లవీ. నేను రొట్టె పట్టుకుని గుమ్మంలో నిలబడ్డాను. ఫ్లవీ ఆ బూజు బిరడా సీసాను మూడోదిగానే వంచింది. అయ్యగారు గ్లాసు తిప్పారు, కళ్ళు మూసుకున్నారు, ఓ గుక్క చూసి ఉమ్మారు.

"గుట్టది. చాలా బాగుంది. మా తాతగారి రోజుల్లో ఇలా ఉండేది."

ఫ్లవీ లెక్కలో అక్కడితో అయిపోవాలి. కానీ అగాత్ గ్లాసు ముక్కు దగ్గర పెట్టుకోగానే బిగుసుకుపోయింది. తండ్రి వైపు చూసింది. ఆ పిల్లకు అంతా అర్థమైపోయింది.

"అవును. బాగుంది," అంది.

ఫ్లవీ మొహంలో రక్తం లేదు. చేతులారా పెంచిన పిల్ల తన ఉచ్చులో కాలు పెట్టింది. అయినా ఆగలేదు. లెస్కూర్ వైపు తిరిగి, "మీరు చెప్పండి" అంది.

లెస్కూర్ గ్లాసును దూరంగా నెట్టాడు. "ఏంటండీ ఇది, బూజు కంపు కొడుతోంది. మీ ఇద్దరికీ ముక్కులున్నాయా?"

అగాత్ తన గ్లాసు బోర్లించబోయింది. ఫ్లవీ ఆ చేతిని పట్టుకుంది.

"దాన్నొదిలెయ్, ఫ్లవీ," అన్నారు అయ్యగారు. "నాకు వాసన తెలియడం లేదు. అది నాకోసం అబద్ధమాడింది."

"వదిలేస్తానయ్యగారూ. నేను పెంచిన పిల్ల, దీన్ని బల్ల దగ్గర్నుంచి లేపాలని నాకు మాత్రం ఉందా? ముప్పై ఒక్కేళ్ళ కిందట మూడో సీసాలో ఏముందో మా నాన్న దగ్గరికొచ్చి చెప్పండి. చెప్తే ఈ పిల్ల గ్లాసు ఇలాగే ఉంటుంది. లేదంటే నియమం నియమమే."

కూతురు ఆయన వైపు చూస్తోంది. ఆయన తన గ్లాసు బోర్లించి లేచారు. పట్టపగలు, ఊరి మధ్యలోంచి ఫ్లవీ ఆయన్ని నడిపించుకుని తీసుకెళ్ళింది. రొట్టెల కొట్టువాడు గుమ్మంలోకొచ్చి ముక్కున వేలేసుకున్నాడు. నేను పొయ్యి మీద బాతుకూర వదిలేసి వెనకాలే వెళ్ళాను. మాడితే మాడనీ అనుకున్నాను.

ఎనభై నాలుగేళ్ళ ఎలీ కిటికీ దగ్గర సూపు తాగుతున్నాడు. అయ్యగారు టోపీ చేత్తో పట్టుకుని నిలబడ్డారు.

"ఎలీ, ఆ రోజు నువ్వు చెప్పింది నిజమే. అది గుట్టదే. చీటీ నేనే మార్చాను."

"తెలుసు. నువ్వెప్పుడు చెప్తావా అనే చూస్తున్నా," అన్నాడు ఎలీ. ఆ ఇంటివాళ్ళను ఆయన నువ్వు అనడం నేను ఎన్నడూ వినలేదు.

ఫ్లవీ గుడ్డ చుట్టిన మరో సీసా బల్ల మీద పెట్టింది. అలమరలోంచి ఆ గ్లాసు తీసి, దుమ్ము తుడిచి, నిలబెట్టి వైన్ పోసింది. ఎలీ దాన్ని అయ్యగారి ముందుకు జరిపాడు.

"నువ్వే ముందు చూడు. ఏ తోటదో చెప్పు."

అయ్యగారు చాలాసేపు ముక్కు దగ్గర పెట్టుకున్నారు. ఓ గుక్క తాగారు. "నాకు తెలియట్లేదు. ఇందాక కూడా ఊహించే చెప్పాను" అన్నారు.

"కాస్త గట్టిగా చెప్పు. చెవులు సరిగ్గా వినపడవు."

ఎలీకి పక్కింటి పిల్లి దూకినా వినపడుతుంది. మా అందరికీ తెలుసు. అయ్యగారు మళ్ళీ గట్టిగా చెప్పారు. వీధిలో ఆగినవాళ్ళకూ వినపడింది.

ఎలీ గ్లాసు అందుకుని, మిగిలిన వైన్ సూపు గిన్నెలో వంచాడు. రెండు చేతులతో గిన్నె ఎత్తి చివరిదాకా తాగాడు. మీసం తుడుచుకుని కూతురి వైపు చూశాడు.

"గుట్టది," అన్నాడు.

ఆ సీసా గుడ్డ ఎవరూ విప్పలేదు.