తాయి కుక్కా, మా అత్తా, నా కుళ్ళూ

పోయిన మంగళవారం పొద్దున సూళ్లూరుపేట నుంచి ఫోన్ వచ్చింది. మా అత్త పక్కింట్లో ఉండే అమ్మాయి చేసింది. "అక్కా, అత్త పోయినారు. ఇడ్లీ తింటా తింటా నా భుజం మీదికి ఒరిగినారు" అంది. తొంభై దాటిన మనిషి, బాధ పడకుండా పోయింది, అందుకు నేను దేవుడికి దణ్ణం పెట్టుకోవాలి. కానీ నాకు ముందు వచ్చింది ఏడుపు కాదు. ఆ భుజం నాది ఎందుకు కాలేదని కడుపు మండింది. ఏడుపు తర్వాత వచ్చింది, ఇంకా వస్తూనే ఉంది.

నన్ను ఎరిగినవాళ్ళు దీనికి ఆశ్చర్యపోరు. డెబ్భై దాటినా నాకు కుళ్ళు పోలేదు. అది నన్ను ఎలా పట్టుకుందో చెప్పాలంటే మా అత్తతో పాటు ఒక కుక్క గురించి కూడా చెప్పాలి. ఆమెను తలుచుకుంటే అది కూడా వెంట వస్తుంది. ఈ రాతలో కూడా దాన్ని వదిలించుకోలేకపోయాను.

మా నాన్నకు చెల్లెలు ఆమె. మా అమ్మ పోయేటప్పటికి నాకు ఏడేళ్ళు. నాన్నకు వాకాడు దగ్గర మాగాణి, ఆడదిక్కు లేని ఇల్లు. చేతిసంచీలో రెండు గౌన్లు పెట్టి నన్ను సూళ్లూరుపేటలో అత్త దగ్గర దించి వెళ్ళాడు. అత్తకు పిల్లలు లేరు. చిన్న వయసులోనే మామ పోయాడు, ఆయన కుట్టుమిషనే ఆమెకు ఆధారం. స్టేషనుకు దగ్గర్లో రెండు గదుల ఇల్లు. ముందు గదిలో మిషను, గుడ్డలు కత్తిరించే ఎత్తు బల్ల. నేను వెళ్ళిన రోజునే నా చుట్టూ టేపు తిప్పి, "ఎముకలు తప్ప ఏం లేవే నీకాడ. వదులుగా కుడతా, నువ్వే నిండాల" అంది. ఆ గౌను నిండేలోపు ఆమె మొత్తం నాది అయిపోవాలని నిశ్చయించుకున్నాను. రెండేళ్ళ పాటు అయింది కూడా.

గూడూరు రైల్వే క్వార్టర్స్‌లో ఒక ఆంగ్లో ఇండియన్ డ్రైవరు భార్యకు అత్త గౌన్లు కుట్టేది. అందరూ ఆమెను దొరసాని అనేవారు. యాభైల చివర్లో ఆ కుటుంబం ఆస్ట్రేలియాకు ఓడెక్కింది. కుక్కను వెంట తీసుకుపోవడం కుదరలేదు. చివరి జత గౌన్లు ఇచ్చి వస్తానని వెళ్ళిన అత్త, సాయంత్రం బండికి కుట్టుగుడ్డల సంచీలో దాన్ని పెట్టుకుని దిగింది. సంచీ అంచు మీద నిక్కబొడుచుకున్న రెండు చెవులు మాత్రమే నాకు కనిపించాయి.

ఏం జాతి అని వీధంతా మూగింది. దొరసాని చెప్పిన మాటను అత్త జాగ్రత్తగా పలికింది: "టాయ్ టెర్రియర్ అంట." ఎదురింట్లో ఎండుచేపలు అమ్మే అరవ అవ్వ బుగ్గలు నొక్కుకుంది. "తాయా? తాయి అంటే మా అరవంలో అమ్మ గదా! నాయికి అమ్మ అని పేరు పెట్టినారా ఆ దొరలు?" ఇంగ్లీషులో టాయ్ అంటే ఆటబొమ్మ అని అత్త ఎంత చెప్పినా ఎవరు వింటారు? తెల్లారేసరికి అది వీధికంతా తాయి. సూళ్లూరుపేటలో అరవం ముక్క రానివాళ్ళు తక్కువ, ఆ పేరుకు అర్థం అందరికీ తెలుసు. అమ్మ లేని పిల్ల ఉన్న ఇంట్లో అమ్మ అనే పేరుతో కుక్క! "తాయీ, రామ్మా" అని అత్త పిలిచినప్పుడల్లా నాకు ఒళ్ళు మండేది.

అది అనాకారిగా ఉన్నా కొంత నయంగా ఉండేది. మహా అందంగా ఉండేది. ఒళ్ళంతా నల్లటి నిగనిగ. రొమ్మున, కాళ్ళకు, కళ్ళ పైన ఇటుక రంగు మచ్చలు. ముందుకాళ్ళ మీద బొటనవేలితో అద్దినట్టు ఒక్కో నల్ల గుర్తు, కాలివేళ్ళ మీద పెన్సిలుతో గీసినట్టు సన్నటి గీతలు. ఆ గుర్తులన్నీ ఉంటేనే అసలు జాతి అని దొరసాని చెప్పిందట. బట్టలు కుట్టించుకోవడానికి వచ్చినవాళ్ళను టేపుతో పట్టేసి అత్త దాని వంశచరిత్ర మొత్తం వినిపించేది. ఇంగ్లండులో మిల్లులున్న ఊళ్ళలో ఎలుకలు పట్టడానికి పెంచిన నల్ల టెర్రియర్లు దీని తాతలు. గుంటలో ఎలుకలను వదిలి, ఏ కుక్క తొందరగా చంపుతుందో అని పందేలు కాసేవాళ్ళట. ఆ ఈతల్లో మరీ చిన్నవాటిని ఏరి, సన్నకాళ్ళ వేటకుక్కల్లో చిన్నవాటితో కలిపి, తరం తరానికీ తగ్గించుకుంటూ దొరసానుల ఒళ్ళోకి తెచ్చారు. "ఒళ్ళు తగ్గించినారు గానీ రోసం తగ్గించలా" అని ముగించేది అత్త. నిజమే. ఒకరోజు బియ్యం బస్తా వెనక నుంచి ఇంత పందికొక్కును ఈడ్చుకొచ్చి ఆమె పాదాల దగ్గర పడేసింది. వీధి వీధంతా వచ్చి చూసి మెచ్చుకుంది. ఆ వారమే నాకు లెక్కల్లో క్లాసు ఫస్టు వచ్చింది. ఎవరికైనా గుర్తుందేమో అడగండి.

దానికి చెయ్యాల్సిన సేవలు ఇన్నీ అన్నీ కావు. కడుపు చిన్నది కనుక కొంచెం కొంచెంగా రోజుకు మూడు నాలుగు సార్లు అన్నం, ముళ్ళు తీసిన చేప. ముళ్ళు తీసేది నేను. స్నానం ఎప్పుడో ఒకసారి, మిగతా రోజులు తడిగుడ్డతో తుడిచి పొడిగుడ్డతో రుద్దాలి. వారానికోసారి చెవులు శుభ్రం చెయ్యాలి, గోళ్ళు చూడాలి. బొచ్చు పలచన, చలికి తట్టుకోదు. అన్నిటికన్నా ముఖ్యం, ఎత్తు మీది నుంచి దూకనివ్వకూడదు, ఆ ముందుకాళ్ళు పుటుక్కున విరుగుతాయి. ఈ ఆఖరి మాట అత్త నాకు రోజుకు పదిసార్లు చెప్పేది, అదీ పెదాల మధ్య గుండుసూదులు పెట్టుకుని.

కార్తీకమాసం ముసురుకు అది వణుకుతుంటే చూడలేక కోటు కుట్టింది. దేనితో అనుకున్నారు? నా జాకెట్టుకని తెచ్చిన ఎర్ర ఫ్లానల్‌తో. "మిగిలిన గుడ్డలో నీకు చేతుల్లేకుండా కుడతాలే పాపా. ఉరుకులాడే పిల్లవి, నీకు చలి యాడుండాది?" అంది. దానికేమో ముందుకాళ్ళకు పొడుగు చేతులు, వీపున మూడు బొత్తాలు. నేను చేతుల్లేని జాకెట్టుతో బడికి పోయాను. ఈ అన్యాయం ఎవరికైనా చెప్పుకోవాలని అరవై ఏళ్ళ పైనుంచి కాచుకుని ఉన్నాను.

ఆమెకు కోపం తక్కువ. నేను గుడ్డ వంకరగా కత్తిరించి కత్తెరను తిడితే, "కుట్టు తప్పితే విప్పు. విప్పడానికే గదా దారం" అనేది. తిట్టినా, కొట్టినా కొంత హాయిగా ఉండేదేమో. ఆమె అందరితోనూ ఒకేలా ఉండేది, నా గొడవంతా అదే.

మరుసటి ఏడు వానాకాలం. ఒక మధ్యాహ్నం అత్త బొత్తాల కోసం బజారుకు వెళ్ళింది. నేను తాయిని ఎత్తి కత్తిరించే బల్ల మీద పెట్టాను. అది అటూ ఇటూ తిరిగి కిందికి చూసి వెనక్కి తగ్గింది. దానికి తెలుసు. నేను గోడ దాకా జరిగి, చప్పట్లు కొట్టి, ఎంతో ముద్దుగా "తాయీ, రా" అన్నాను. అంతవరకూ ఆ పేరుతో ఒక్కసారి కూడా నేను దాన్ని పిలవలేదు. సంతోషం పట్టలేక దూకింది.

అత్త వచ్చేసరికి అది మూలన పడి ఏడుస్తోంది. "అదే ఎక్కి దూకింది" అన్నాను. అత్త నావైపు ఒకసారి చూసి, దాన్ని ఎత్తుకుంది. పశువుల డాక్టరు ఎద్దుల కాళ్ళకు అలవాటు పడిన మనిషి, "ఇంత సన్న కాలు నా చేతికి ఆనదమ్మా" అన్నాడు. చివరికి అత్తే సన్నటి వెదురు బద్దలు చెక్కి, పాత లైనింగు గుడ్డతో కట్టు కట్టింది. ఫలితం ఏమిటంటే నెలన్నర పాటు తాయి ఆమె ఒడి దిగలేదు. దాన్ని ఒళ్ళో పెట్టుకునే మిషను తొక్కేది. నేను బడి నుంచి రాగానే అది అక్కడి నుంచే నన్ను చూసి తోక ఆడించేది. నామీద దానికి కోపం కూడా లేదు. ఆ తోకను చూస్తే నాకు అన్నం దిగేది కాదు. నిజం తెలిస్తే అత్త నన్ను నాన్న దగ్గరికి పంపేస్తుందని రోజూ భయపడేదాన్ని.

ఆ రోజుల్లోనే నాన్న వచ్చాడు. మళ్ళీ పెళ్ళి చేసుకున్నాడు, నన్ను తీసుకుపోతానన్నాడు. నేను వెనక గదిలో పళ్ళేలు కడుగుతూ విన్నాను.

"ఇంటికి ఆడమనిషి వచ్చింది గదా. ఇంక ఈ బరువు నీకెందుకు? నీకు తోడు ఆ కుక్క ఉండనే ఉండాది" అన్నాడు.

మిషను చప్పుడు ఆగింది. "దీని కాలు విరగ్గొట్టింది నీ కూతురే, అన్నా" అంది అత్త.

నా పని అయిపోయిందనుకున్నాను. వాకాడు బస్సు కళ్ళ ముందు నిలబడింది.

"అంత ఎత్తు బల్ల ఇది ఎట్టా ఎక్కద్ది? ఆ దినమే తెలుసు నాకు."

"తెలిసీ ఊరకుండావా? రెండు తగిలించకుండా!"

"ఏమని తగిలించేది? కుళ్ళు, అన్నా, దానికి. నా కోసరం అంతగా కుళ్ళుకునే మనిషి నాకు ఇంకెవురుండారు?" మళ్ళీ అంది, ఆ గొంతు నేనెప్పుడూ వినలేదు. "నాకు మాత్రం లేదా కుళ్ళు? రేపు అది కొత్త వదినను అమ్మా అని పిలస్తా ఉంటే, నేనీడ మిషను తొక్కుకుంటా కూచోవాల్నా? నా వల్ల కాదు. దాన్ని తీసకపోబాక, అన్నా."

నాన్న కాఫీ తాగి ఒంటరిగా బస్సుకు వెళ్ళాడు. ఆ తర్వాత ఆమె నన్ను చదివించింది, టీచరు ఉద్యోగం వచ్చిన రోజు వీధికంతా చక్కెర పంచింది, నా పెళ్ళికి మిషను మీద పది రోజులు కూర్చుంది. ఇవన్నీ నేను ఆమెకు దణ్ణం పెట్టుకోవలసిన సంగతులు. కానీ ఫోన్ వచ్చినప్పటి నుంచి నా కళ్ళ ముందు నిలిచింది మాత్రం ఆ రోజు నాన్న వెళ్ళాక జరిగినదే.

అత్త వెనక గదిలోకి వచ్చింది. నేను విన్నానని ఆమెకు తెలుసు. తాయిని గోనెపట్టా మీద దించి, నా తడి చేతులు తన చీరకు తుడిచి, నేల మీద కూర్చుని నన్ను ఒళ్ళోకి లాక్కుంది. పదేళ్ళ పిల్లను, నా కాళ్ళు గడప దాకా సాగి ఉన్నాయి. తాయి కట్టు కట్టిన కాలు ఈడ్చుకుంటూ వచ్చి, మమ్మల్ని చూసి, సన్నగా మూలిగింది. అది ఎందుకు మూలుగుతోందో ఆ ఇంట్లో నాకంటే బాగా ఎవరికి తెలుసు? కొంచెం జరిగితే దానికీ చోటు ఉంది. జరగాలని తెలుసు. అత్త మెడ చుట్టూ రెండు చేతులూ బిగించి, జరగకుండా కూర్చున్నాను.