మామిళ్లమ్మ అలిగి వెళ్లలేదు

పన్నెండేళ్లుగా ఒక అబద్ధం నా గుండెల మీద కూర్చుని ఉంది. ఇవాళ మధ్యాహ్నం బయటపెట్టేశాను. ఆగలేక మీకూ చెబుతున్నాను.

చాట్రాయి దారిలో మాకు రసాల మామిడితోట ఉంది. అందులో పెద్ద చెట్టు మొదట్లో పసుపు పూసిన చిన్న రాయి ఉండేది. కాయలు ఏరే వెంకాయమ్మ దాన్ని మామిళ్లమ్మ అనేది. ఏటా తొలికాయ ఆ రాయి ముందు పెట్టాకే కోతకు నిచ్చెన వేసేవాళ్లు. పూజారి లేడు, మంత్రం లేదు. ఎవరూ చూడనప్పుడు నేనూ దండం పెట్టుకునేవాణ్ణి.

పన్నెండేళ్ల కిందట నన్ను ఊరి గుడి కమిటీలో వేశారు. తొలికాయలన్నీ ఇకమీదట గుడికే రావాలి, తోటల్లో రాళ్లకు పూజలు శాస్త్రం కాదు అని తీర్మానించారు. ముందు నా తోటలోదే తీయమన్నారు. తల ఊపాను. ఎందుకు? శాస్త్రం తెలిసా? కాదు. కమిటీలో నా కుర్చీ పోతుందని.

కూలీలు అన్నాలకు వెళ్లినప్పుడు రాయిని పెకలించి, గోనెసంచిలో చుట్టి, గుడికి కడుతున్న కొత్త మండపం పునాదిలో వేశాను. సాయంత్రానికి పైన కాంక్రీటు పోశారు. నమ్మనివాడినైతే అది వట్టి రాయి. నేను నమ్మాను. నమ్మి కూడా వేశాను.

మర్నాడు వెంకాయమ్మ పరుగెత్తుకొచ్చింది.

"అమ్మ లేదండి బాబుగారూ. మీరేమైనా చూశారా?"

"నేనెందుకు చూస్తాను?"

"నావల్ల ఏదన్నా మైల జరిగిందేమోనండి. అలిగి వెళ్లిపోయిందంటారా?"

"ఏమో. అయ్యుండొచ్చు."

నోరు జారి అన్న మాట కాదది. అలా అంటే నన్నెవరూ అనుమానించరని తెలిసే అన్నాను. అప్పటినుంచి ఏటా కోతలు సాగినన్నాళ్లూ ఆవిడ చెప్పులు వేసుకోదు. శుక్రవారం పొద్దు వాలేదాకా మంచినీళ్లు కూడా ముట్టదు. అమ్మ తిరిగి రావాలని. నేను నీడలో నిలబడి చూస్తూ ఉన్నాను.

ఇవాళ శుక్రవారం. షెడ్డులో కాయలు ఏరుతూ కళ్లు తిరిగి కూలబడింది. నీళ్లిస్తే వద్దంది. ఇక నావల్ల కాలేదు. అందరి ముందూ చెప్పేశాను, కమిటీ పేరు వెనక దాక్కోకుండా, తీసింది నేనే, మండపం పునాదిలో వేసిందీ నేనే అని.

వెంకాయమ్మ నా చేతిలోని గ్లాసు అందుకోలేదు. పక్కావిడ దగ్గర సీసా తీసుకుని గటగటా తాగింది. నా ముఖం చూడకుండా లేచి వెళ్లిపోయింది.

క్షమించమని అడగలేదు. ఏ ముఖం పెట్టుకుని అడగను? తప్పు ఆవిడది కాదు. నాది. ఇంట్లో ఒక్కణ్ణే కూర్చుని ఈ మాట పైకి అంటున్నాను, మళ్లీ మళ్లీ. అన్నకొద్దీ ఊపిరి ఆడుతోంది.