అరంగుళం వాలు

భూషణానికి లోకంలో కావాల్సింది ఒక్కటే: వాలు. తిండి ఆలస్యమైతే ఓర్చుకుంటాడు, సెలవు దొరక్కపోతే ఓర్చుకుంటాడు, నిలబడ్డ నేల ఎటు వాలిందో తెలియకపోతే మాత్రం ఒక్క క్షణం ఓర్చుకోలేడు. జేబులో ఎప్పుడూ సన్నటి ట్యూబు చుట్ట ఒకటి ఉండేది. దాన్నిండా నీళ్ళు, రెండు కొసలకూ బిరడాలు. మేస్త్రీలు గోడల మట్టం చూసుకునే ట్యూబే అది. భూషణం దానితో గోడల్ని వదిలేసి ప్రపంచాన్ని చూసుకునేవాడు.

ఊరు జగిత్యాల పక్కన. పని సౌదీలో, అల్ ఖర్జ్ శివార్లలోని ఒక ఖర్జూరం తోటలో, పైపుల మరమ్మతు. ఆయనతో ఆరేళ్ళుగా ఒకే గదిలో ఉంటున్న అదృష్టవంతుడు మహబూబ్ సుభాని, తోట పికప్ డ్రైవరు, ప్రొద్దుటూరు మనిషి. తనది అదృష్టమని సుభాని ఎన్నడూ ఒప్పుకోలేదు.

మొదటిరోజే పళ్ళెంలో పప్పు వడ్డిస్తే భూషణం తినడం మానేసి దానికేసి చూస్తూ కూర్చున్నాడు.

"ఏం న్నా, ఉప్పు ఎక్కువైందా?"

"ఉప్పు కాదు తమ్మీ. పప్పు గటు పోతున్నది సూడు. ఈ నేల తలుపు దిక్కు అరంగుళం వాలింది."

"పప్పు పల్చగుండాది న్నా, అందుకే పోతాంది. తిను!"

ఇంకోసారి తోట యజమాని షేక్ గారి మజ్లిస్‌లో, అదే అతిథుల గదిలో, ఏసీ బాగుచెయ్యమని పిలిచారు. పెద్దమనుషులంతా గహ్వా కాఫీ తాగుతుండగా మనవాడు వరండా పాలరాయి మీద బోర్లా పడుకుని, చెంప నేలకి ఆనించి, ఒక కన్ను మూశాడు. మనిషి పడిపోయాడనుకుని అతిథులు పరిగెత్తుకొచ్చి మొహాన నీళ్ళు చల్లారు. భూషణం ఆ నీళ్ళు ఎటు పారుతున్నాయో చూసి, "నేన్ జెప్పలే? గటే!" అని లేచి కూర్చున్నాడు. ఎవరికీ అర్థం కాలేదు కానీ అందరూ అల్లాకి కృతజ్ఞతలు చెప్పుకున్నారు.

ఈ ఏడు రంజాన్ అయ్యాక పిచ్చి మరీ ముదిరింది. సుభాని మంచం తలవైపు కోళ్ళ కింద ఇటుకలు చేరాయి. నీళ్ళ క్యాను గోడెక్కింది, అందులోంచి ఒక ట్యూబు దిగి సుభాని దిండు పక్కకొచ్చింది. పికప్ వెనక రెండు బల్లలు ఏటవాలుగా వెలిశాయి, దాణా బస్తాలు వాటి మీద నుంచి జారి వాటంతటవే షెడ్డులోకి పోయేవి.

"నేను మనిషినా, డ్రైనేజీనా?" అని సుభాని నెత్తి కొట్టుకునేవాడు.

"వాలుంటే సాలు తమ్మీ. మిగతాది అదే సూసుకుంటది," అనేవాడు భూషణం.

అట్లాంటి తోటలోకి, చలికాలం మొదట్లో, షేక్ గారి కొడుకు సాలెహ్ కెనడాలో చదువు ముగించుకుని వచ్చాడు. ఫోనులో వీడియో చూపించాడు. మంచులో మేపుల్ చెట్లు, చెట్టుకీ చెట్టుకీ కట్టిన నీలం ట్యూబులు, వాటిలో జారుకుంటూ ఒక గుడిసెలోకి చేరే చెట్టురసం, దాన్ని కాచితే తేనెరంగు పాకం. తోట చివర ముప్ఫై పోతు ఖర్జూరం చెట్లున్నాయి, ఎలాగూ కొట్టేసేవే. వాటి రసంతో పాకం ఎందుకు తియ్యకూడదని సాలెహ్ ఉబలాటం. చెట్టు గీయడం వచ్చిన మనిషి తోటలో ఒక్కడే ఉన్నాడు. భూషణంది గౌండ్ల ఇల్లు, ఈతచెట్టు ఎక్కడం నడకతో పాటే నేర్చుకున్నాడు.

వీడియో అంతా చూసి భూషణం మంచు గురించి ఒక్క మాట అనలేదు. "ట్యూబు మంచిగ ఈడ్సి కట్టిన్రు. ఎవలో పని తెల్సినోడే," అని మెచ్చుకున్నాడు.

సుభానికి మాత్రం ముచ్చెమటలు పోశాయి. "న్నా, అది కల్లు! ఈ దేశంలో కల్లు! మనల్ని తీసకపోయి లోపలేస్తారు!"

"పులిస్తెనే కల్లు. డ్రమ్ముల ఇంత సున్నమేసి, ఎండెక్కకముందే కాగబెడితే పాకం. గంతే ఫరక్."

అయితే సాలెహ్ దగ్గర ఇంకో ఉపాయముంది. ట్యూబుల గోల ఎందుకు, చెట్లకి కుండలు కడితే, పొద్దున్నే సుభాని వాటిని మోసుకొస్తాడు! ముప్ఫై కుండలు, తోట చివర నుంచి పొయ్యి దాకా, రోజూ. సుభాని చిరునవ్వుతో "హాజిర్" అన్నాడు. చొక్కా కింద నడుం బెల్టు చురుక్కుమంది.

ఆ బెల్టు సంగతి ఎవరికీ తెలియదని సుభాని నమ్మకం. రంజాన్ అయిన వారం గ్యాస్ సిలిండరు లేపుతుంటే నడుములో ఏదో కలుక్కుమంది. కండరం పట్టిందని నవ్వేసి, రియాద్ వెళ్ళినప్పుడు రహస్యంగా బెల్టు కొనుక్కున్నాడు. అంతకుముందు ఏడాది మోకాలు పట్టేసిన పనివాణ్ణి పాస్‌పోర్టు మీద ఖురూజ్ ముద్ర కొట్టి ఇంటికి పంపేశారు. కూతురు ఖాలిదా నర్సింగ్ ఇంకొక్క ఏడాదిలో అయిపోతుంది. ఆ ఏడాది దాకా సుభాని నడుం నిలబడాలి.

"కుండలు మోసుడేంది?" భూషణం భగ్గుమన్నాడు. "వాలుండంగ మోస్తరా ఎవలన్న?"

"పోనీ పంపు పెడదాం," అన్నాడు సాలెహ్. సుభాని ఆ మాట తెలుగులో చెప్పగానే భూషణం చెవులు మూసుకున్నాడు.

సాలెహ్ ఫోను నేల మీద పెట్టి వాలు చూపించే యాప్ తెరిచాడు. నేల గేటు వైపు వాలిందని ఫోను చెప్పింది. పొయ్యి ఉన్నది దానికి సరిగ్గా ఎదురు దిక్కున. భూషణం నీళ్ళ ట్యూబు పరిచి చూస్తే నేల పొయ్యి వైపే వాలింది.

"ఫోను అబద్ధం చెప్పదు," అన్నాడు సాలెహ్.

భూషణం గొంతుక్కూర్చుని ఫోనుని చుట్టూ చూశాడు. తల తోకా మార్చి మళ్ళీ అక్కడే పెట్టాడు. ఈసారి వాలు పొయ్యి వైపు తిరిగింది! "దీని ఈపుకు కెమెరా బుడిప ఉన్నది. బుడిప మీద పండుకుంటే ఎవలికైనా లోకం వంకరనే కనబడ్తది. జెప్పు తమ్మీ, జెప్పు."

సుభాని గొంతు సవరించుకుని అరబ్బీలో, "ఫోను చాలా మంచిదట, కాస్త అలిసిపోయిందట," అని చెప్పాడు.

సాలెహ్ పగలబడి నవ్వాడు. నవ్వినా గడువు మాత్రం పెట్టాడు. శనివారం పొద్దున ట్యూబులో రసం పారకపోతే, ఆదివారం నుంచి సుభాని, కుండలు.

ఆ వారమంతా భూషణం గౌండ్ల దేవుడు కాటమయ్యకి దండం పెట్టి చెట్టెక్కడం, గీయడం, దిగడం, ట్యూబు కట్టడం. బారకి అరంగుళం వాలు. రోజూ ట్యూబుల్ని వేడి సున్నపు నీళ్ళతో కడగడం. సుభాని మనసులో ఎన్నడూ లేనంతగా వాలు నిలబడాలని దువా చేసుకున్నాడు.

శనివారం పొద్దున డ్రమ్ము దగ్గర ముగ్గురూ నిలబడ్డారు. కుళాయి తిప్పితే చుక్క రాలేదు. సాలెహ్ మూలనున్న కుండల వైపు చూశాడు.

భూషణం ట్యూబు వెంబడే కళ్ళు పెట్టుకుని నడిచాడు. వెనకాలే సుభాని, కొంచెం దూరంలో సాలెహ్. తోట మధ్యలో, ఎవరూ వెళ్ళని చోట, ట్యూబు మీద ఒక తడి తువ్వాలు ఆరేసి ఉంది. దాని బరువుకి ట్యూబు మడతపడి నోరు మూసుకుంది. చీకట్లో తాడులాంటిది తగిలితే చాలు బట్టలారేసే గల్ఫ్ అలవాటు ఎవరికుండదు? కానీ ఆ తువ్వాలు సుభానిది. దాని మడతలో, ఎవరికంటా పడకుండా ఉతికి ఆరేసిన బెల్టు.

భూషణం తువ్వాలుని బెల్టుతో సహా లాగి తన చొక్కాలో దోపుకున్నాడు. వెనక్కి తిరిగి, "పావురం కూసున్నది, అంతే!" అని కేకేశాడు. ఆయన పొట్ట మీంచి నీళ్ళు కారుతున్నాయి.

ట్యూబు తిన్నగా లేచింది. డ్రమ్ములో ధార మొదలైంది. సాలెహ్ చిన్నపిల్లాడిలా చప్పట్లు కొట్టాడు. ఎండెక్కేలోపు పొయ్యి మీద పాకం బుడగలొచ్చింది. ఖుబ్జ్ రొట్టె ముంచుకుని నాలుగు తిన్నాక, "రేపటి నుంచి కాచే పని ఎవరిది?" అని అడిగాడు.

"సుభానిది," అన్నాడు భూషణం. "కూసోని చేసే పని."

అప్పుడు గమనించాడు సుభాని. డ్రమ్ము కుళాయి, పొయ్యి, గరిటె అన్నీ పీట మీద కూర్చుంటే చేతికందే ఎత్తులో ఉన్నాయి. ఇటుకలు, క్యాను, బస్తాల బల్లలు ఒక్కొక్కటే గుర్తొచ్చాయి. రంజాన్ తర్వాత భూషణం కట్టిన ప్రతి వాలూ వచ్చి తన దగ్గరే ఆగింది.

సాలెహ్ వెళ్ళాక, "ఎప్పటి నుంచి తెల్సు న్నా నీకు?" అని అడిగాడు.

"సిలిండర్ లేపిన దినమే. నీ ఎడమ భుజం అరంగుళం దిగింది." చొక్కాలోంచి బెల్టు తీసి ఇచ్చాడు భూషణం. "పప్పుల అరంగుళం కనబడ్డోనికి మనిషిల కనబడదా?"

"మరి అడగలేదే?"

"అడిగితే నువ్వు లేదంటవు. నీతోని కొట్లాడుకుంట కూసుంటే పనైతదా?"

అని జేబులోంచి ట్యూబు తీసి, సుభాని రెండు భుజాలకీ పట్టి చూశాడు. "ఇంక పావంగుళం ఉన్నది. మట్టమైందాంక ఏదీ లేపకు."

సుభాని కళ్ళు తుడుచుకుని, "నువ్వే వంకరగా నిలబడినావేమో చూసుకో న్నా," అన్నాడు.

భూషణం గతుక్కుమన్నాడు. ఒకసారి తన కాళ్ళకేసి, ఒకసారి నేలకేసి చూసుకున్నాడు. ట్యూబు ఒక కొస సుభాని చేతిలో పెట్టి, "ఆ, సరిగ్గ పట్టుకో. సూద్దాం," అన్నాడు.