ముడిలో మిగిలిన చిలకపచ్చ

నిన్న సాయంత్రం మా అమ్మాయి ఫోనులో తెప్పించుకున్న కుర్తా పొట్లం చించగానే ఇల్లంతా కొత్త రంగు వాసన కొట్టింది. కాస్త కిరోసిను, కాస్త గంజి, కాస్త తడి ఇనుము కలిసినట్టుండే ఆ ఘాటు ముక్కుకు తగలగానే సూరత్ అమ్రోలీలోని ఈ నాలుగో అంతస్తు ఇల్లు నాకు కనబడకుండా పోయి, పాండేసర పక్కన మేము పెరిగిన మగ్గాల సందు కళ్ల ముందు నిలిచింది. అమ్మాయి అద్దం ముందు నిలబడి "ఎట్లుందమ్మా?" అని అడుగుతుంటే నేను ఆ కుర్తా అంచు తిప్పి చూస్తున్నాను.

ఆ సందులో ఉన్నవాళ్లందరం సిరిసిల్ల వైపు నుంచి వచ్చిన నేతవాళ్లమే. పొద్దున లేస్తే మరమగ్గాల మోత, పడుకుంటే మరమగ్గాల మోత. ఆ మోతకు అలవాటుపడ్డ మా గొంతులు వేరే ఊరు వెళ్లినా తగ్గేవి కావు, పెళ్లిళ్లలో చుట్టాలు మమ్మల్ని చూసి పోట్లాడుకుంటున్నారేమో అనుకునేవారు. ఊరంతా చుట్టాలు, ఉట్టి కట్ట తావు లేదన్నట్టు, సూరత్ అంతా బట్టలే గాని మా ఒంటి మీదకి ఏడాదికొక కొత్త బట్ట వస్తే గొప్ప. నాన్న నేసేది రంగులేని కోరా బట్ట. అది మగ్గం దిగి బండెక్కి రంగుల మిల్లుకు పోయాక చీర అయ్యేదో, పరదా అయ్యేదో ఆయనకు తెలియదు, తెలుసుకోవాలని కూడా ఉండేది కాదు.

నాన్నకు పగార్ డబ్బులు చేతికొచ్చిన తరవాతి ఆదివారం అమ్మ మమ్మల్ని ముగ్గురినీ షేరింగ్ ఆటోలో కుక్కి భాగళ్ దాకా తీసుకెళ్లేది. అక్కడి నుంచి చౌటా బజారులోకి నడక. భుజం భుజం ఒరుసుకునే ఆ ఇరుకులో దుప్పట్లు పరిచి గుట్టలు పోసిన గౌన్లు, లంగాలు, బనియన్లు, అరుపులు, చెరుకు రసం గానుగ గలగల, మధ్యలో తీరిగ్గా నిలబడి నెమరేసే ఆవు, ఆకు దొన్నెలో నూనె పోసి ఇచ్చే వేడి వేడి శనగపిండి లోచో. స్కూలు బట్టలు రెండేళ్లకి సరిపడేంత వదులుగా కొనేవాళ్లం కాబట్టి మొదటి ఏడాది మేం బట్టల్లో ఉన్నామో, బట్టలే మాలో ఉన్నాయో తెలిసేది కాదు. అమ్మ ధర అడిగేది చివర్లో. ముందు చీర కొంగు తిప్పి చూసేది, కొంగు చివర కుచ్చులు ఎలా ముడివేశారో చూసేది, అవి నచ్చకపోతే దుకాణదారు బతిమాలినా కదిలేది కాదు. కొంగులకు కుచ్చులు వేయడం మా సందు ఆడవాళ్ల చేతి పని. అందులో అమ్మను మించినవాళ్లు లేరని లచ్చవ్వే ఒప్పుకుంది.

లచ్చవ్వ మా పక్కింటి ముసలమ్మ, సుగుణక్క అత్త. అమ్మ పెళ్లయి సూరత్ వచ్చినప్పుడు అన్నం వండడం దగ్గర్నుంచి అన్నీ నేర్పింది ఆవిడే. నాకు పదేళ్లప్పుడు, శ్రావణంలో, ఒక పొద్దున ఆవిడ లేవలేదు. మాలో ఎవరైనా పోతే చుట్టాలు, వాడకట్టువాళ్లు తలా ఒక కొత్త బట్ట తెచ్చి కప్పుతారు. అమ్మ తన పెట్టెలో దాచుకున్న చిలకపచ్చ నూలుచీర తీసింది. దాని కొంగుకి ఇంకా కుచ్చులు వేయలేదు. "లచ్చవ్వను బోడి కొంగుతోని తోలిస్తనా?" అని, ఊరికి పోయిన కొడుకు సిరిసిల్ల నుంచి వచ్చేలోపు, గడప మీద కూర్చుని ఏడుస్తూ ఒక్కో ముడీ వేసింది. చివరికి కళ్లు కనబడక ఒక్క కుచ్చు నాకు వదిలేసింది. నేను వేసిన ముడి లావుగా, ఒక పక్కకి ఒరిగి, బొడిపెలా తయారైంది. ఆ చీర కప్పుకునే లచ్చవ్వ వెళ్లింది. ఆడవాళ్లం సందు చివర వరకే వెళ్లాం, శ్మశానానికి మగవాళ్లే వెళతారు.

రెండు నెలలకి బతుకమ్మ వచ్చింది. ఆఖరిదైన సద్దుల రోజుకి అమ్మకొక చీర కావాలి. బజారంతా తిరిగినా మాకు అందే ధరలో ఏదీ నచ్చలేదు. చివరికి వెనక సందులో ఒకాయన నేల మీద పోసిన గుట్టలోంచి ముదురు నీలం నూలుచీర లాగి, అలవాటుగా కొంగు తిప్పి, అక్కడే ఆగిపోయింది.

"జూడవే, ఎవ్వతో గాని ఎంత సక్కగ ముడేసింది! చెయ్యంటె గిదీ!"

ధర అడిగితే మా చెవులు మేమే నమ్మలేకపోయాం, అంత చవక. ఆటోలో ఇంటికొచ్చేదాకా అమ్మ ఆ చీరని ఒళ్లోంచి దించలేదు.

మర్నాడు మధ్యాహ్నం గడప మీద కూర్చుని మళ్లీ కుచ్చులు చూసుకుంటూ నవ్వింది. "అన్ని మంచిగేసి గీ ఒక్కటి జర పాడు జేసింది. నీ అసోంటిదే ఎవ్వతో ఉన్నట్టుంది" అని నన్ను దెప్పి, ఆ ఒక్క కుచ్చుని మళ్లీ వేద్దామని గోటితో ముడి విప్పింది.

లోపల చిలకపచ్చ.

పసుపు కుంకుమ మరకలు కనబడకూడదని ఎవరో చీర మొత్తాన్ని నీలంలో ముంచారు, బిగించిన ముడి లోపలికి మాత్రం రంగు దిగలేదు. అమ్మ ఇంకో కుచ్చు విప్పింది. అదీ పచ్చే. ఆ ముదురు నీలాన్ని వదిలేసి నా మొహం వంక చూసింది. నేను వేసిన బొడిపె ముడి నాకు తెలియదా!

అమ్మ భయపడలేదు. అంటు అనలేదు. నాన్న పని దిగి వచ్చేవరకు అలాగే కూర్చుని, ఆయన చెప్పులు విడవకముందే చీర ముందు పడేసి అడిగింది.

"లచ్చవ్వ మీదికెల్లి తీసిన్రా దీన్ని?"

నాన్న చీర వంక చూసి తల దించుకున్నాడు. "శ్మశానంల పనోళ్లు అందరియి తీస్తరు. ఒక్కటే ఉంచుతరు. కుప్పేస్తరు, ఎవలో కొంటపోతరు."

"నీకు ఎర్కనే?"

"మొగోళ్లందరికి ఎర్కనే. మీకు జెప్తె ఏడుస్తరని జెప్పలె."

అసలు దెబ్బ అక్కడ తగిలింది అమ్మకి. చీర తీశారని కాదు. ఇన్నేళ్లూ ఎవరు పోయినా సందు ఆడవాళ్లు పెట్టెలు వెతికి, ఉన్నదాంట్లో మంచిది తీసి, పోయినవాళ్ల వెంట పంపాం అనుకుంటుంటే, మగవాళ్లంతా ఎదురుగా నిలబడి చూస్తూ ఊరుకున్నారు. రెండు రోజులు నాన్నకు అన్నం పెట్టింది గాని మాట పెట్టలేదు.

సద్దుల రోజున అమ్మ ఆ చీరే కట్టుకుంది. బతుకమ్మ ఎత్తుకుని సందు మధ్యకి వచ్చి, చప్పట్లు చరుస్తూ తిరుగుతున్న ఆడవాళ్లందరి ముందు సుగుణక్కకి కొంగు చూపించి, ఉన్నదున్నట్టు చెప్పింది. చప్పట్లు ఆగిపోయాయి. సుగుణక్క కొంగు అందుకుని ఒక్కో ముడీ వేలితో తడిమింది. తేరుకున్నాక కోపంతో ఊగిపోతూ, "ఇప్పటిసంది ఎవలు సచ్చినా కప్పెముందు చీరకు కత్తెర పెడదాం. సింపిన చీర ఎవడు కొంటడో జూస్త" అంది. అందరూ అవునవును అన్నారు.

"పెట్టకుండ్రి" అంది అమ్మ. "కత్తెర పెడితె నా అసోంటిది పండుగకు ఏం గట్టుకుంటది?"

సుగుణక్కే ముందుగా అమ్మ చెయ్యి పట్టుకుని ఆటలోకి లాగింది. ఆ తరవాత కూడా మా సందులో పోయినవాళ్లకి మంచి చీరలే కప్పారు, తెలిసే కప్పారు.

పోయిన చలికాలం అమ్మ పోయింది. సందు ఎప్పుడో చెదిరిపోయింది. కొందరు కోసాడ్ కాలనీలకు, కొందరు వెనక్కి సిరిసిల్లకి. కొంగుకి ముడివేసేవాళ్లు ఒక్కరూ మిగల్లేదు, కుచ్చులు మిషనే వేస్తుంది. అయినా తెలిసినవాళ్లు ఏడు చీరలు తెచ్చి కప్పారు. బంధువులు వద్దన్నా నేను శ్మశానానికి వెళ్లాను. అక్కడి మనిషి ఒక చీర ఉంచి మిగిలినవి తీస్తుంటే ఒక్కొక్కటీ అందుకుని, దుమ్ము దులిపి, అంచుకి అంచు కలిపి చక్కగా మడతపెట్టాను. ఎవరైనా కొనేటప్పుడు బాగా కనబడాలి కదా. మడతపెట్టిన ఆరూ ఆయన చేతికిచ్చి, వీటిని ఏ బజారుకి పంపుతారని హిందీలో అడిగాను.

ఆయన నన్ను వింతగా చూశాడు. "ఇప్పుడెవరూ కొనరు బెహన్. వీటికంటే కొత్తవే చవక" అని, నా మడతలు చెదరకుండానే ఆ ఆరు చీరల్నీ మూలన చెత్త తగలబెట్టే గుంటలో పడేశాడు.