హాల్లో ఆడని సినిమా

రామతులసి పాట విని ఊరుకునే మనిషి కాదు. ఎక్కడ పాట వినబడినా, పల్లవి ఎత్తుకున్న దగ్గర్నుంచి ఆమె పెదవులు కదులుతూనే ఉండేవి. మొవ్వ పక్క పల్లెలో రైతు కుటుంబం వాళ్ళది. హైస్కూలు రోజుల్లో సాయంత్రం పూట సైకిలు మీద కూచిపూడి వెళ్ళేది. అక్కడికి వచ్చే పిల్లలంతా నాట్యం కోసం వస్తే, ఈమె పాడేవాళ్ళ పక్కన చేరి పాట పట్టుకునేది. వర్ణాల దాకా వచ్చాక పెళ్ళి కుదిరి, ఆ చదువు అక్కడితో ఆగిపోయింది.

పెళ్ళికొడుకు బసవపున్నయ్యది గుడివాడ వైపు. వ్యవసాయం తమ్ముడికి వదిలేసి, విజయవాడ గాంధీనగర్లో సినిమాల పంపిణీ వ్యాపారంలో దిగాడు. "సినిమావాడికిస్తే పిల్ల ఏమైపోతుందో" అని రామతులసి మేనమామ చాలా గింజుకున్నాడు కానీ, తీరా చూస్తే బసవపున్నయ్యకి వక్కపొడి అలవాటు కూడా లేదు. ఉన్న వ్యసనమల్లా ఒకటే, కబుర్లు. పటమటలో కాపురం పెట్టాక, అన్నం ముందు కూర్చుంటే చాలు, అవనిగడ్డలో ఏ బొమ్మ ఆడుతోందో, బందరులో ఏది మొదటి ఆటకే చతికిలబడిందో పూసగుచ్చినట్టు చెప్పేవాడు. చెప్పడమే కాదు, అడిగేవాడు. కొత్త చొక్కా రంగు దగ్గర్నుంచి, ఆఫీసులో ఎవర్ని పెట్టుకోవాలన్న దాకా అన్నిటికీ "నువ్వేమంటావు తులసీ?" అనేవాడు. పిల్లలు కలగలేదు. ఆ లోటు ఆ మాటలతోనే చాలావరకు పూడిపోయేది.

తొంభైల మొదట్లో ఒకరోజు మద్రాసు నుంచి వస్తూ ఆడియో క్యాసెట్టు పట్టుకొచ్చాడు. సినిమా పేరు 'రాగాల రేవు'. రేవులో పడవ నడిపేవాడి కూతురు పాటగత్తె అవుతుంది, అంతే కథ. పేరున్న హీరో లేడు, ఫైట్లు లేవు. పాటలు మాత్రం కుప్పలు.

"కృష్ణా జిల్లాకి నన్ను కొనమంటున్నారు. పాటల సంగతి నాకేం తెలుసు? జనం ఈలేస్తే మంచి పాటనుకునేవాణ్ణి. నువ్వు విని చెప్పు" అన్నాడు.

రామతులసి వంట చేస్తూ విన్నది, బట్టలారేస్తూ విన్నది. ఒక పాట దగ్గర గరిటె పట్టుకుని అలాగే నిలబడిపోయింది, పోపు మాడిపోయింది. సాయంత్రం అతను ఇంట్లో అడుగు పెట్టీ పెట్టకముందే, "కొనండి. ఇవి ఇవాళ విని రేపు మర్చిపోయే పాటలు కావు" అన్నది.

కొన్నాడు. వాళ్ళ నాన్నగారు పంచి ఇచ్చిన పొలం మీద అప్పు తెచ్చి మరీ కొన్నాడు.

శ్రావణమాసంలో విడుదలయింది. ఆ వారమంతా ముసురు. పైగా పక్క హాల్లోనే పెద్ద హీరో బొమ్మ పడింది. రామతులసి పట్టుచీర కట్టుకుని మార్నింగ్ షోకి వెళ్ళి బాల్కనీలో కూర్చుంది. మొదటి పాటకి కింద కొంచెం సందడి వినబడింది. రెండో పాటకి కుర్చీల చప్పుడు మొదలైంది. ఇంటర్వెల్లో టీ కొట్టు దగ్గర ఒకాయన, "పాటలేగా, రేడియోలో వినొచ్చు. దీనికి టిక్కెట్టెందుకు?" అంటుంటే విని వచ్చి మళ్ళీ తన సీట్లో కూర్చుంది. సినిమా అయ్యేసరికి బాల్కనీలో ఆమె, ఆమె గొడుగు మిగిలారు. బసవపున్నయ్య లోపలికి రానేలేదు. బుకింగు కిటికీ దగ్గర నిలబడి ఉన్నాడు.

గుడివాడలో తీసేశారు. అవనిగడ్డలో తీసేశారు. వారం తిరక్కుండా ప్రింట్ల పెట్టెలన్నీ గాంధీనగర్ ఆఫీసు వసారాలో వచ్చి పడ్డాయి.

ఆయన తిడతాడని చూసింది రామతులసి. తిడితే ఏం చెప్పాలో కూడా సిద్ధం చేసుకుంది. ఆయన ఒక్క మాట అనలేదు. పరామర్శకొచ్చిన చుట్టాలతో "వర్షాలు చంపేశాయండీ" అని ఊరుకున్నాడు. పొలం అమ్మి అప్పులు తీర్చి, ఆఫీసు మూసేసి, ఆటోనగర్లో తెలిసినవాళ్ళ స్పేర్ పార్టుల షాపులో లెక్కలు రాసే పనిలో చేరాడు. ఎప్పట్లాగే ఏడింటికి లేచేవాడు, వేళకి తినేవాడు, ఆమెకి జ్వరమొస్తే మందులు తెచ్చేవాడు.

అడగడం మాత్రం మానేశాడు.

అది ఆమెకి వెంటనే తెలియలేదు. ఒక దసరాకి పుట్టింటికి వెళ్ళి వచ్చేసరికి ఇంటి గోడలన్నీ లేతాకుపచ్చ రంగులో ఉన్నాయి. "సున్నం వేయించాను" అన్నాడు. రంగు బాగానే ఉంది. గడపలో సంచి దింపి ఆ గోడల వంక చూస్తూ నిలబడినప్పుడు తట్టింది, ఈయన తనని 'నువ్వేమంటావు' అని అడిగి ఎన్నాళ్ళయిందో కదా అని. ఆ తర్వాత గమనించడం మొదలుపెట్టింది. "కూర ఏం చేయమంటారు?" అంటే "ఏదో ఒకటి" అనేవాడు. ఆడపడుచు కూతురి పెళ్ళికి చీర ఆయనే కొని తెచ్చేశాడు. కసురుకున్నవాడు కాదు, అలిగినవాడు కాదు. దేనికని నిలదీస్తుంది?

ఇంట్లో ఖాళీగా ఉండలేక ఆమే ఒకరోజు, "ముందు గది వాడకుండా పడి ఉంది కదండీ, వీడియో క్యాసెట్లు అద్దెకిద్దామనుకుంటున్నాను" అన్నది.

"నీ ఇష్టం" అన్నాడు.

అరలు కొట్టించి, రంగు రంగుల అట్టపెట్టెలు పేర్చి లైబ్రరీ మొదలుపెట్టింది. పటమటలో అప్పటికి టీవీ లేని ఇల్లు తక్కువ. క్యాసెట్లు ఆడించే వీసీపీ కూడా అద్దెకు పట్టుకెళ్ళి, చుట్టుపక్కలవాళ్ళు నలుగురూ కలిసి చూసేవారు. ఏడాది తిరిగేసరికి 'రాగాల రేవు' క్యాసెట్టు మార్కెట్లోకి వచ్చింది. వీడియో హక్కులు నిర్మాత మద్రాసులోనే ఎవరికో విడిగా అమ్ముకున్నాడు. హాళ్ళ కోసం కొన్న బసవపున్నయ్యకి దాంతో ఏ సంబంధమూ లేదు. రామతులసి ఒకటి కొని కింది అరలో పెట్టింది.

మొదట తీసుకెళ్ళింది జ్ఞానేశ్వరి అని వెనకవీధి టీచరుగారు. మర్నాడు తిరిగివ్వాల్సిన క్యాసెట్టు ఇవ్వలేదు. అడిగితే, "ఇంకొక్క రోజు ఉంచుకోనివ్వండి. మా అత్తగారు ఆ పడవ పాట మళ్ళీ మళ్ళీ పెట్టించుకుంటున్నారు" అన్నది. ఆ తర్వాత టీచరుగారి తోడికోడలు వచ్చింది. తోడికోడలి పక్కింటివాళ్ళు వచ్చారు. ఆ సినిమా కోసం ముందే చెప్పి పెట్టుకునేవాళ్ళు తయారయ్యారు. డాన్సు నేర్పే పంతులమ్మ ఒకావిడ, పిల్లలకి అడుగులు చూపించాలని వారం వారం పట్టుకెళ్ళేది. జనం పాటలే వెనక్కి తిప్పి చూడటంతో ఆ పాటలొచ్చే చోట టేపు అరిగిపోయి, బొమ్మ మీద తెల్లటి గీతలు పడేవి. ఒకటి అరిగిపోతే ఇంకొకటి కొనేది. తన చెవి తప్పు చెప్పలేదన్న సంతోషం గొంతుదాకా వచ్చేది. చెప్పుకోవాల్సిన మనిషి ఆరింటికి ఆటోనగర్ నుంచి వచ్చి, కాళ్ళు కడుక్కుని, పేపరు పట్టుకు కూర్చునేవాడు.

ఒక సాయంత్రం ఆ వీధిలోకి కొత్తగా అద్దెకొచ్చిన ఉద్యోగస్థుడు ఒకాయన క్యాసెట్టు తిరిగిస్తూ, "ఎంత మంచి సినిమా అండీ! మన బెజవాడలో వారం కూడా ఆడలేదటగా? కొన్నవాడెవడో చేతకాని వెధవై ఉంటాడు" అన్నాడు.

అప్పుడే వచ్చి గుమ్మంలో చెప్పులు విప్పుతున్నాడు బసవపున్నయ్య.

"అంతేనండీ. చేతకానివాడే" అని నవ్వి లోపలికెళ్ళాడు.

రామతులసికి ఆ మనిషికి చిల్లర ఎంతివ్వాలో తెలియలేదు. గుప్పెట్లో ఉన్నదంతా ఇచ్చేసి, షాపు తలుపు దగ్గరికి వేసి, కాఫీ కలిపి తీసుకెళ్ళింది. ఆయన కిటికీ దగ్గర కుర్చీలో ఉన్నాడు. పక్కనే నిలబడింది. క్షమించమని అడగాలనిపించింది. నేను చెప్పింది నిజమే కదా అని గట్టిగా అనాలనీ అనిపించింది. ఆ రెండు మాటలూ ఒకేసారి నోటిదాకా వచ్చి, ఒకదానికొకటి అడ్డుపడి ఆగిపోయాయి. "పంచదార సరిపోయిందా?" అన్నది. "ఊఁ" అన్నాడు. మర్నాటి నుంచి ఆయన ముందు గదిలోంచి రావడం మాని, సందులో నుంచి తిరిగి పెరటి గుమ్మాన వచ్చేవాడు.

క్యాసెట్లు పోయి సీడీలొచ్చాయి, సీడీలు పోయి డీవీడీలొచ్చాయి. చివరికి ఎవరి సినిమా వాళ్ళ ఫోన్లోకే వచ్చేసింది. రామతులసి అరలు ఊడదీయించి ముందు గదిని జిరాక్సు షాపుకి అద్దెకిచ్చింది. బసవపున్నయ్య ఉద్యోగం మానేసి ఇంటి పట్టునే ఉన్నాడు. గుండె బలహీనపడిందన్నారు డాక్టర్లు. ఇద్దరూ ఒకే ఇంట్లో, ఒకే అరలో రెండు క్యాసెట్లలాగా చప్పుడు లేకుండా మసలుకునేవారు.

ఒక మధ్యాహ్నం ఆయన నిద్రపోయాడనుకుని, టీవీలో యూట్యూబు పెట్టుకుని 'రాగాల రేవు' చూస్తోంది. సగంలో వెనక అలికిడయింది. బసవపున్నయ్య కుర్చీ వీపు పట్టుకుని నిలబడి ఉన్నాడు. ఆమె టీవీ కట్టేయబోయింది.

"ఉండనీ" అని వచ్చి పక్కన కూర్చున్నాడు. "నేనీ సినిమా మొత్తం ఎప్పుడూ చూడలేదు."

మళ్ళీ మొదట్నించి పెట్టింది. రెప్ప వేయకుండా చూశాడు. పాటలప్పుడు ఒళ్ళో చేతివేళ్ళు కదిలాయి. అయిపోయాక కళ్ళజోడు తీసి తుడుచుకుంటూ, "తల్లి చచ్చిపోయాక అరగంట సాగదీశాడు. అది కోసేస్తే రెండు వారాలు లాగేది" అన్నాడు.

అంతకాలానికి ఆయన నోట సినిమా మాట విని ఆమెకి ధైర్యం వచ్చింది. ఏళ్ళుగా మోస్తున్నది అడిగేసింది. "ఇది పోయిన తర్వాత, నన్ను ఏదీ అడగడం మానేశారు. నా మాట విని చెడిపోయాననేగా?"

బసవపున్నయ్య కళ్ళజోడు పెట్టుకుని ఆమె మొహంలోకి చూశాడు.

"మానేశానా?" అన్నాడు.

నటన కాదది. ఆయనకి నిజంగానే తెలియదు. చేసిందేదో గుర్తు తెచ్చుకోవడానికి ప్రయత్నిస్తున్నట్టు కాసేపు గోడ వంక చూసి, "మానేశానేమోలే. షాపు పని ధ్యాసలో పడిపోయి ఉంటాను" అన్నాడు. ఆ తర్వాత అరచేయి చాచి ఆమె చేతి మీద పెట్టాడు. ఆమె ఆ చేతిని అలాగే ఉండనిచ్చింది. కోపం ఉండి ఉంటే ఆ కోపంలోనైనా తనతో ఉన్నాడనుకునేది. ఇన్నేళ్ళూ ఆ గొడవలో తను ఒక్కతే ఉందన్నమాట.

ఆ చలికాలంలోనే ఆయన పోయాడు.

పాత సినిమాలు మళ్ళీ హాళ్ళలో వేసే రోజులొచ్చాయి. కిందటేడు లక్ష్మీకాంత్ అని గాంధీనగర్ కుర్రాడొకడు, 'రాగాల రేవు'ని మెరుగుపెట్టి మళ్ళీ విడుదల చేస్తున్నామంటూ ఇంటికొచ్చాడు. ఆ వీధిలో పాతవాళ్ళెవరో బసవపున్నయ్య పేరు చెప్పారట. "మీరు తప్పకుండా రావాలి ఆంటీ. మొదటి షో టిక్కెట్లన్నీ ఆన్‌లైన్లో అయిపోయాయి" అన్నాడు. ఆమె చేతికి బాల్కనీ టిక్కెట్టు ఇచ్చి వెళ్ళాడు.

హాలు ముందు బ్యానర్లు, డప్పులు. లోపల ఒక్క సీటు ఖాళీ లేదు. పక్క సీట్లో డయానా అని నర్సింగు చదివే అమ్మాయి, స్నేహితురాళ్ళతో వచ్చింది. "మా మమ్మీ ఈ సినిమా క్యాసెట్టు అరగదీసిందంట ఆంటీ. మీరు అప్పట్లో చూశారా?"

"చూశానమ్మా. ఇలాంటి హాల్లోనే."

"మరి ఎందుకు ఆడలేదు? ఇంత మంచి పాటలు పెట్టుకుని?"

వర్షాలని చెప్పబోయింది రామతులసి. ఇంతలో లైట్లార్పేశారు.

మొదటి పాట మొదలవగానే హాలంతా లేచి నిలబడింది. ఫోన్ల దీపాలు వెలిగాయి. అందరికీ ప్రతి మాటా వచ్చు. అరుపులూ ఈలలూ చప్పట్లతో గోడలదిరాయి. ఎవరో కాగితం ముక్కలు ఎగజల్లితే వచ్చి ఆమె జుట్టులో పడ్డాయి. తెర మీద పాటగత్తె నోరు కదులుతోంది గానీ గొంతు వినబడటం లేదు. రామతులసి పెదవులు కూడా కదలడం మర్చిపోయాయి. ఇంతమంది ఇష్టపడ్డారన్న సంతోషం ఉంది. కానీ ఈ హోరులో ఆ పాట తనది కాకుండా పోతోందన్న దిగులూ ఉంది. వంటింట్లో ఒక్కతే నిలబడి విన్న పాట అది. దాన్ని ఇన్ని వందలమంది పాడుతుంటే, తనొక్కతే దానికి బయట ఉన్నట్టనిపించింది. డయానా ఆమె చేయి పట్టుకుని, "లేవండాంటీ, పాడండి!" అని లాగింది. లేచి నిలబడింది. పాడలేదు.

సినిమా అయ్యాక మెట్ల దగ్గర లక్ష్మీకాంత్ ఫోన్లో ఎవరితోనో ఉత్సాహంగా మాట్లాడుతూ, ఆమెని చూసి బొటనవేలు పైకెత్తాడు. ఆమె చేయి ఊపి బయటికొచ్చింది. ఎండ కళ్ళల్లో పొడిచింది. ఏలూరు రోడ్డు మీద కాసేపు నడిచి, హోటల్లో ఇడ్లీ తిని, బస్సెక్కింది.

అప్పట్నుంచి శుక్రవారాల్లో ఆమెకి ఒక పని దొరికింది. కొత్త సినిమా ఏది పడినా మార్నింగ్ షోకి వెళుతుంది, ఒక్కతే. ఇంటర్వెల్లో బయటికొచ్చి టీ తాగుతూ జనం మొహాలు చూస్తుంది. ఏ మాటకి నవ్వారు, ఏ పాటకి ఫోన్లు తీశారు, అన్నీ గమనిస్తుంది. సినిమా ఆడుతుందో పోతుందో సగానికే ఆమెకి ఒక లెక్క తేలిపోతుంది. పోయిన శుక్రవారం చూసినదానికి కథ లేదు, పాటల్లో పస లేదు. అయినా ఆడుతుంది అనుకుంది. సోమవారం పేపర్లో చూస్తే ఆడుతోందనే రాశారు. పేపరు మడిచి టీవీ పక్కన పెట్టి, జిరాక్సు షాపు అతను అడిగిన మంచినీళ్ళు ఇవ్వడానికి ముందు గదిలోకి వెళ్ళింది.

"ఏంటమ్మా, ఇవాళ హుషారుగా ఉన్నారు?" అన్నాడతను, మిషను మీంచి తల ఎత్తకుండానే.

"ఏం లేదు బాబూ" అన్నది రామతులసి. అతను ఇంకేమైనా అడుగుతాడేమోనని కాసేపు నిలబడింది. మిషను కాగితాలు తోస్తూనే ఉంది. ఖాళీ గ్లాసు తీసుకుని లోపలికి వచ్చేసింది.